వినిమయం కాని వలయాలు: హెర్‌స్టైన్ గ్రంథంలోని ఉదాహరణలపై విమర్శ

మూడు నాలుగులైనా, నాలుగు మూడులైనా పన్నెండే అని ప్రాథమిక పాఠశాలలో నేర్పుతారు. పై తరగతులకు వచ్చేసరికి దీనికి స్థిత్యంతర ధర్మమని పేరు వస్తుంది. ఈ పాఠం చెప్పబోయే ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే జిల్లా సంస్థ ఒకటి బుక్కపట్నంలో ఉన్నది. చిత్రావతి నీటితో నిండే పెద్ద చెరువు గల ఆ ఊరి నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతాల బడులన్నిటి దాకా పిల్లలు ఈ ధర్మాన్ని సృష్టినియమంగానే వల్లిస్తారు. అది చెల్లని చోటు కూడా ఉంటుందన్న మాట ఇంటర్మీడియట్‌లో మాత్రికల గుణకారం వచ్చేదాకా చెవిన పడదు. పడినా అది మాత్రికలకు పట్టిన ఒక వింత దోషంగానే మిగిలిపోతుంది. ఆ అపోహను తొలగించవలసిన చోటు ఎమ్మెస్సీలో వలయాల అధ్యాయం. అక్కడ ఇచ్చే ఉదాహరణలు ఆ పని చేస్తున్నాయా లేదా అన్నదే ఇక్కడి ప్రశ్న.

వలయమంటే కూడిక, గుణకారం అనే రెండు క్రియలున్న సమితి. కూడికలో సంఖ్యల కూడికకు ఉన్న మంచి గుణాలన్నీ ఉండాలి. గుణకారానికి సాహచర్యం ఉండాలి; అది కూడిక మీద విభాగ న్యాయాన్ని పాటించాలి. ఎడమనుంచి గుణించినా కుడినుంచి గుణించినా ప్రతి మూలకాన్నీ మార్చకుండా వదిలే మూలకం ఉంటే దానిని తత్సమాంశమంటారు. 1 అని రాస్తారు. గుణకారంలో క×గ, గ×క ఎల్లప్పుడూ సమానం కానక్కరలేదు. కాకపోతే అది వినిమయం కాని వలయం. బడిలో స్థిత్యంతరమని నేర్పినదే కళాశాలలో వినిమయమని మారిపోతుంది. రెండు మాటలకూ ఒకటే అర్థమని చెప్పేవారు లేక, అవి రెండు వేరు ధర్మాలని అనుకునే విద్యార్థులు ఉండటంలో ఆశ్చర్యం లేదు.

భారతీయ విశ్వవిద్యాలయాలలో ఎమ్మెస్సీ విద్యార్థులకు చిరపరిచితమైన బీజగణిత గ్రంథం ఐ. ఎన్. హెర్‌స్టైన్ రచించిన ‘టాపిక్స్ ఇన్ ఆల్జీబ్రా’. మొదటి ముద్రణ 1964లో, రెండవది 1975లో వచ్చాయి. పోలండులో 1923లో పుట్టి, కెనడాలో పెరిగి, షికాగోలో ఆచార్యుడై 1988లో మరణించిన హెర్‌స్టైన్ స్వయంగా వలయ సిద్ధాంతంలో ప్రసిద్ధుడు. 1968లో ‘నాన్‌కమ్యుటేటివ్ రింగ్స్’ అనే పేరుతోనే ఒక గ్రంథం రాశాడు. పాఠ్యపుస్తకంలో ఆయన వాక్యం తేటగా, సంభాషణ వలె సాగుతుంది. లెక్కలు కొన్ని కఠినమైనా విద్యార్థిని చిన్నబుచ్చవు. ఇటువంటి రచయిత పుస్తకాన్ని విమర్శకు తీసుకోవడానికి కారణం అది మంచి పుస్తకం కావడమే. దీనిని చూసి రాసిన నోట్సులు, గైడులు దీని బలాలను వదిలి లోపాలను మాత్రం భద్రంగా దించుకున్నాయి.

వలయాల అధ్యాయం మొదట్లో ఎనిమిది ఉదాహరణలున్నాయి. పూర్ణాంకాలు, సరి పూర్ణాంకాలు, అకరణీయ సంఖ్యలు, 7కు శేషాలు, 6కు శేషాలు, 2×2 మాత్రికలు, సంకీర్ణ సంఖ్యలు, చివరగా హామిల్టన్ 1843లో కనుగొన్న క్వాటర్నియన్లు. తత్సమాంశం లేని వలయానికి సరి సంఖ్యలు, శూన్య భాజకాలకు 6 యొక్క శేషాలు అన్నట్లుగా మొదటి అయిదింటిలో చాలావాటికి ఒక పని ఉన్నది. ఉదాహరణ అంటే అలాగే ఉండాలి. వినిమయం కానివి ఎనిమిదింటిలో రెండే: మాత్రికలు, క్వాటర్నియన్లు. ఆ రెండింటినీ చూసిన విద్యార్థికి వినిమయం చెల్లదన్న వార్త అందుతుంది. అది చెల్లకపోతే ఇంకేమేమి కూలిపోతాయో మాత్రం అందదు. పైగా, కూలిపోయేవాటిలో ముఖ్యమైనది ఒకటి ఈ రెండు ఉదాహరణలలోనూ కూలదు. ఆ సంగతి కొంచెం తరువాత.

మొదటి లోటు చిన్న ఉదాహరణ లేకపోవడం. అకరణీయ సంఖ్యల మీది మాత్రికలు అనంతం, వాస్తవ క్వాటర్నియన్లూ అనంతమే. చేతితో పట్టిక వేసి చూడగల వలయం ఒక్కటీ లేదు. సమూహాల అధ్యాయంలో ఇదే రచయిత మూడు వస్తువుల ప్రస్తారాలను, ఆరే మూలకాలున్న సమూహాన్ని, తీసుకొని వినిమయం చెల్లకపోవడాన్ని ఎంతో ఓపికగా చూపాడు. వలయాల దగ్గర ఆ ఓపిక ఎందుకు సడలిందో తెలియదు.

తత్సమాంశం ఉండి వినిమయం కాని వలయాలలో అతి చిన్నది ఎన్ని మూలకాలది? ఈ ప్రశ్న వేస్తే చాలు, తత్సమాంశం చేసే పని ఏమిటో బయటపడుతుంది. 0, 1 మాత్రమే అంకెలుగా, 1+1=0 అనే లెక్కలో 2×2 మాత్రికలను తీసుకోవాలి. వాటిలో కింది వరుస రెండూ సున్నలైనవి నాలుగు. పై వరుసను మాత్రం రాస్తే (0,0), (1,0), (0,1), (1,1). ఈ నాలుగూ కలిసి వలయమవుతాయి. (1,0)ను (0,1)తో గుణిస్తే (0,1) వస్తుంది. తారుమారు చేసి (0,1)ను (1,0)తో గుణిస్తే (0,0) వస్తుంది. నాలుగు మూలకాలతోనే వినిమయం పోయింది! కాని ఇందులో తత్సమాంశం లేదు. (1,0) ఎడమవైపున నిలబడితే దేనినీ మార్చదు. (1,1) కూడా అంతే. కుడివైపున నిలబడితే రెండూ మారుస్తాయి. సగం తత్సమాంశాలు రెండున్నాయి, పూర్తిది ఒకటీ లేదు.

ఇదే నాలుగు మూలకాలలో నిజమైన 1 ఉంటే ఏమవుతుంది? 1ని దానితోనే కూడుతూ పోతే నాలుగు మూలకాలూ రావచ్చు. అప్పుడు అన్నీ 1 యొక్క గుణిజాలే కనుక వినిమయం తప్పదు. లేదా 0, 1 మాత్రమే వస్తాయి. అప్పుడు బయట ఉన్న ఒక మూలకం క అయితే, మిగిలినది 1+క. 1 ప్రతిదానితోనూ వినిమయమవుతుంది, క తనతో తాను వినిమయమవుతుంది. ఇక వినిమయం కాకపోవడానికి చోటే లేదు. 2, 3, 5, 6, 7 మూలకాలున్న వలయాలలో కూడిక సమూహం చక్రీయమే కాబట్టి అక్కడ తత్సమాంశం ఉన్నా లేకపోయినా వినిమయం ఉంటుంది. కనుక 1 ఉండాలంటే 8 మూలకాలు కావాలి. అవి దొరుకుతాయి కూడా: అదే 0, 1ల లెక్కలో ఎగువ త్రిభుజ మాత్రికలు, అంటే కింది వరుసలో ఎడమ అంకె సున్న అయినవి, సరిగా ఎనిమిది. పై నాలుగూ ఇందులోనే ఉన్నాయి. వినిమయం పోగొట్టుకోవడానికి నాలుగు చాలు. 1ని కూడా నిలుపుకోవాలంటే దానికి రెట్టింపు కావాలి. ఈ నిరూపణ పది పంక్తులకు మించదు, ఇంటర్మీడియట్ చదివినవారికి అందుతుంది. అయినా పాఠ్యగ్రంథం తొలి ఉదాహరణలలో దీనికి చోటు లేదు.

రెండవ లోటు ఇంతకన్న పెద్దది. విలోమం గురించి. వినిమయం కాని వలయంలో క×గ = 1 అయితే గ×క = 1 కావలసిన అవసరం లేదని ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద రాస్తాడు. విద్యార్థి తన చేతిలో ఉన్న ఉదాహరణలో వెదుకుతాడు. 2×2 మాత్రికలలో ఎంత వెదికినా దొరకదు; పరిమిత పరిమాణం గల మాత్రికలలో ఒకవైపు విలోమం రెండవవైపూ విలోమమే. క్వాటర్నియన్లలో సున్న కాని ప్రతిదానికీ రెండువైపులా విలోమం ఉన్నది. పరిమిత వలయాలలోనూ దొరకదు: క×గ = 1 అయితే గతో ఎడమనుంచి గుణించడం ఏ రెండు మూలకాలనూ ఒకటి చేయదు, మూలకాలు పరిమితం కనుక ఏ మూలకాన్నీ వదలదు; కాబట్టి గ×చ = 1 అయ్యే చ ఉంటుంది, ఆ చ క తప్ప వేరొకటి కాజాలదు. కనుక పుస్తకం ఇచ్చిన ఉదాహరణలన్నీ ఏకమై విద్యార్థికి ఒక తప్పు నమ్మకాన్ని పాదుకొల్పుతున్నాయి. ఉదాహరణలు తక్కువైతే కలిగే నష్టం తెలియకపోవడం మాత్రమే కాదు, తప్పుగా తెలియడం.

నిజమైన ఉదాహరణ మరీ దూరాన లేదు. చివర లేని ఒక బల్ల మీద విద్యార్థులు వరుసగా కూర్చున్నారనుకుందాం. అందరూ ఒక చోటు ముందుకు జరిగితే మొదటి చోటు ఖాళీ అవుతుంది. తరువాత అందరూ ఒక చోటు వెనుకకు జరిగితే మొదట ఉన్నట్లే ఉంటారు. క్రమం మార్చితే? ముందు వెనుకకు జరిగినప్పుడు మొదటి చోట ఉన్నవాడికి స్థలం లేక లేచిపోతాడు. ఆ పైన ముందుకు జరిగితే మొదటి చోటు ఖాళీగా మిగులుతుంది. లేచిపోయినవాడు తిరిగి రాడు. విద్యార్థుల బదులు సంఖ్యల అనంత శ్రేణిని, ఖాళీ బదులు సున్నను ఉంచితే ఇవి రెండూ ఏకఘాత పరివర్తనలవుతాయి. అటువంటి పరివర్తనలన్నీ తత్సమాంశం గల వలయమవుతాయి. ఒక క్రమంలో లబ్ధం 1, రెండో క్రమంలో 1 కాదు. ఖాళీ చోట సున్నకు బదులు శ్రేణిలోని మొదటి సంఖ్యనో, దాని రెట్టింపునో, మూడు రెట్లనో ఉంచినా వెనుకకు జరగగానే అది పోతుంది. అంటే వెనుకకు జరపడానికి ఒకవైపు విలోమాలు అనంతంగా ఉన్నాయన్నమాట.

హెర్‌స్టైన్‌కు ఇది తెలియక కాదు. ఇదే విషయం ఆయన పుస్తకంలో బహుపదుల మీద అవకలన, సమాకలనాల రూపంలో ఉన్నది. సమాకలనం చేసి అవకలనం చేస్తే మొదటి బహుపది వస్తుంది; అవకలనం చేసి సమాకలనం చేస్తే స్థిరపదం గల్లంతవుతుంది. ఎంత చక్కని ఉదాహరణ! ఇంటర్మీడియట్ విద్యార్థి సమాకలనం చివర స్థిరాంకం రాయడం మరచి మార్కులు పోగొట్టుకుంటాడే, ఆ స్థిరాంకమే ఇక్కడి కథానాయకుడు. కాని ఇది వచ్చేది ఆరవ అధ్యాయంలో, ఏకఘాత పరివర్తనల దగ్గర. వలయాలు మూడవ అధ్యాయంలో ముగిసిపోయాయి. ఎక్కువమంది విద్యార్థులకు ఆ రెండు అధ్యాయాలూ రెండు వేరు పరీక్షల విషయాలు. అక్కడ చూసినది వలయాలకు చెందినదని వారికి తోచదు.

మూడవదిగా చెప్పవలసినది, మాత్రికలలో అసలే ఇమడని వలయం. బహుపదిని ముందు ఎక్స్‌తో గుణించి తరువాత అవకలనం చేస్తే ఒకటి వస్తుంది. ముందు అవకలనం చేసి తరువాత ఎక్స్‌తో గుణిస్తే మరొకటి. మొదటి దానిలోనుంచి రెండవదానిని తీసివేస్తే మిగిలేది మొదట తీసుకున్న బహుపదే. లబ్ధ సూత్రం తెలిసిన ఎవరైనా ఒక్క పంక్తిలో సరిచూడవచ్చు. అంటే ఈ రెండు పరివర్తనల లబ్ధాలు కేవలం వేరు కావడమే కాదు, వాటి భేదం సరిగా 1. ఈ రెండూ పుట్టించే వలయాన్ని హెర్మన్ వైల్ పేరుతో వైల్ బీజగణితమంటారు. అటువంటి రెండు వాస్తవ మాత్రికలను పట్టుకోవడం సాధ్యం కాదు. చతురస్ర మాత్రిక ప్రధాన వికర్ణంలోని సంఖ్యల మొత్తాన్ని దాని జాడ అంటారు. రెండు మాత్రికలను ఏ క్రమంలో గుణించినా లబ్ధపు జాడ ఒకటే కనుక భేదపు జాడ సున్న. తత్సమ మాత్రిక జాడ మాత్రం సున్న కాదు. హైసెన్‌బర్గ్ 1925లో క్వాంటం యాంత్రికశాస్త్రాన్ని ప్రారంభించినప్పుడు, బార్న్, యోర్డాన్ అదే సంవత్సరం స్థానం, ద్రవ్యవేగాల మధ్య ఇటువంటి సంబంధాన్నే రాసినప్పుడు, అనంతమైన మాత్రికలను ఆశ్రయించవలసి వచ్చింది ఇందుకే. గోటింగెన్‌లో బార్న్ సమాధి రాతి మీద చెక్కినది ఆ సమీకరణమే.

ఇందులో ఒక తమాషా ఉన్నది. 1+1=0 అయ్యే లెక్కలో పై వాదం పనిచేయదు; 2×2 తత్సమ మాత్రిక జాడ అక్కడ సున్న. పై వరుస కుడిమూల 1 తప్ప అన్నీ సున్నలైన మాత్రికను, కింది వరుస ఎడమమూల 1 తప్ప అన్నీ సున్నలైన మాత్రికను రెండు క్రమాలలో గుణించి భేదం తీస్తే వికర్ణంలో 1, −1 వస్తాయి. ఆ లెక్కలో −1 అన్నా 1 అన్నా ఒకటే. తత్సమ మాత్రిక దొరికింది! వాస్తవ సంఖ్యలతో అసాధ్యమైనది 0, 1లతో సాధ్యమయింది. ఏ సంఖ్యల మీద మాత్రికలు అన్న ప్రశ్నకు ఎందుకంత పట్టింపో చెప్పడానికి ఇంతకన్న మంచి అభ్యాసం దొరకదు.

క్వాటర్నియన్ల విషయంలో ఫిర్యాదు తక్కువ. హెర్‌స్టైన్ గుణకార సూత్రాన్ని నిండుగా ఇచ్చాడు, ముందు అధ్యాయాలలో వాటిని మళ్ళీ వాడాడు. వర్గం −1 అయ్యే క్వాటర్నియన్లు అనంతంగా ఉన్నాయనీ, రెండవ ఘాత సమీకరణానికి రెండే మూలాలన్న మాట వినిమయం మీద ఆధారపడినదనీ ఆ మొదటి పరిచయం దగ్గరే చెప్పి ఉంటే ఉదాహరణ ఇంకా పదునుదేరేది.

మరొక విషయం తెలుగు విద్యార్థికి ప్రత్యేకంగా సంబంధించినది. హెర్‌స్టైన్ పరివర్తనను సదిశకు కుడివైపున రాస్తాడు. ఆ పద్ధతిలో లబ్ధంలో ఎడమన ఉన్న పని ముందు, కుడిన ఉన్నది తరువాత జరుగుతుంది. చాలా గ్రంథాలు ఎడమవైపున రాస్తాయి. అక్కడ కుడిన ఉన్న పనే ముందు. వినిమయం ఉన్నచోట దీనివల్ల బాధ లేదు. లేనిచోట ఒక పుస్తకంలో భేదం 1 అయినది మరొక పుస్తకంలో −1 అవుతుంది. రెండు పుస్తకాలనుంచి నోట్సు రాసుకున్నవాడికి గుర్తు ఎక్కడ తప్పిందో తెలియదు. ఇంగ్లీషు అలవాటుకు హెర్‌స్టైన్ పద్ధతి ఎదురీత. తెలుగుకు అది నడక. ‘సంఖ్యను తీసుకొని, రెట్టించి, ఒకటి కలిపి, వర్గం చెయ్యి’ అంటుంది తెలుగు వాక్యం. వస్తువు ముందు, పనులు జరిగే క్రమంలోనే దాని వెనుక, క్రియ చివర. తెలుగులో బీజగణితం చెప్పేవారు ఈ సౌలభ్యాన్ని వదులుకొని ఎడమవైపు రాతనే అనువదించడం చేతిలోని వెన్న వదిలి నేతికి వెదకినట్లున్నది.

నిత్యజీవితం నుంచి ఉదాహరణలు ఇవ్వవచ్చు కదా అంటారు. ధర్మవరం పట్టుకు ముందు జిగురు పోయేలా ఉడకబెట్టి తరువాత రంగు వేస్తారు. ఆ క్రమం తప్పితే నూలు పాడవుతుంది. ఇది క్రమం ముఖ్యమని చెబుతుంది, వలయాన్ని చెప్పదు. ఉడకబెట్టడం, రంగు వేయడం అనే రెండు పనుల మొత్తం అంటే ఏమిటి? జవాబు లేదు. జనరంజక వ్యాసాలలో తరచుగా కనిపించే మేజోడు, బూటు ఉదాహరణకు ఉన్న లోపమూ ఇదే. వలయం కావాలంటే కూడిక కావాలి. అదే మగ్గం మీది చతురస్రపు గుడ్డను తీసుకొని ఎడమ పైమూలలో ముడి వేస్తే దారి దొరుకుతుంది. గుడ్డను గడియారపు ముల్లు వెళ్ళే దిశలో పావు చుట్టు తిప్పి, తరువాత ఎడమ కుడి అయ్యేలా బోర్లిస్తే ముడి మొదటి మూలకే వస్తుంది. ముందు బోర్లించి తరువాత తిప్పితే కుడి కిందిమూలకు పోతుంది. చతురస్రాన్ని దాని మీదికే తెచ్చే ఇటువంటి చలనాలు ఎనిమిది. వీటికి 0, 1లను గుణకాలుగా తగిలించి లాంఛనంగా కూడవచ్చు. వచ్చేది 256 మూలకాల సమూహ వలయం. కదల్చకుండా ఉంచడమే దాని తత్సమాంశం. సమూహం నుంచి వలయానికి వంతెన వేసే ఈ ఉదాహరణను, సమూహాలు ముగించి వలయాలు మొదలుపెట్టే పుస్తకం, ఆ మలుపులోనే ఇచ్చి ఉండవలసింది.

ఉదాహరణలనే ఆసరాగా చేసుకొని ఎంత దూరం పోవచ్చునో చూపిన తెలుగు కుటుంబీకుడొకరు ఉన్నారు. నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన న్యాయవేత్త అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కుమారుడు అల్లాడి రామకృష్ణన్ (1923–2008). 1962లో మద్రాసులో గణితవిజ్ఞాన సంస్థను స్థాపించిన భౌతికశాస్త్రజ్ఞుడు. ఆయన ‘ఎల్-మాట్రిక్స్ థియరీ’ 1972లో వెలువడింది. డిరాక్ మాత్రికల వ్యాకరణమని దానికి ఉపశీర్షిక. ఒక్కొక్కదాని వర్గం తత్సమ మాత్రిక కావాలి. ఏ రెండింటిని తారుమారు చేసి గుణించినా గుర్తు మాత్రం మారాలి. ఇటువంటి 2×2 మాత్రికలు మూడు, 4×4 మాత్రికలు అయిదు, 8×8 మాత్రికలు ఏడు దాకా దొరుకుతాయి. చిన్నవాటినుంచి పెద్దవాటిని కట్టే పద్ధతి ఆ గ్రంథానికి ప్రాణం. అందులో లోపమూ ఉన్నది. అన్నీ మాత్రికలే కావడం వల్ల, వాటి వెనుక ఉన్న క్లిఫర్డ్ వలయం ఏ మాత్రికలతో రాసినా ఒకటేనన్న సంగతి చదువరికి ఆలస్యంగా తడుతుంది. హెర్‌స్టైన్‌లో సిద్ధాంతానికి ఉదాహరణలు చాలలేదు. రామకృష్ణన్‌లో ఉదాహరణలకు సిద్ధాంతం చాలలేదు. ఒకదాని పక్కన ఒకటి పెట్టుకొని చదివేవారికి రెండింటివల్లా లాభమే.

ఈ విషయంలో తరువాతి పుస్తకాలు మెరుగుపడ్డాయి. టి. వై. లామ్ 1991లో ప్రచురించిన ‘ఎ ఫస్ట్ కోర్స్ ఇన్ నాన్‌కమ్యుటేటివ్ రింగ్స్’ తొలి ప్రకరణంలోనే సమూహ వలయాలు, వైల్ బీజగణితం, త్రిభుజ వలయాలు అన్నీ పరిచయమవుతాయి. అయితే అది పరిశోధనకు సిద్ధపడేవారి స్థాయి. డిగ్రీ విద్యార్థికి, బడిపంతులు కాబోయేవారికి అంత అక్కరలేదు. తెలుగులో రాసే పుస్తకంలో వలయపు నిర్వచనం వెంటనే నాలుగు మూలకాల వలయం, ఎనిమిది మూలకాల వలయం, రెండు గుణకార పట్టికలు పక్కపక్కన వేస్తే చాలు. మొదటిదానిలో గడులు పదహారు, రెండవదానిలో అరవైనాలుగు. రెండూ ఒకే పుటలో పడతాయి.